పాండ్ ఇన్‌లెట్‌కి యాభై ఐదు నిమిషాలు

మధ్యాహ్నం పన్నెండు. బయట కటిక చీకటి. డిసెంబర్‌లో ఆర్కిటిక్ బే ఊళ్లో సూర్యుడి మొహం చూసినవాడు లేడు.

తల వెనక తుపాకి గొట్టం...

ఉలూరియాక్ మెడ తిప్పకుండా విమానాన్ని పైకి లేపుతోంది.

"పాండ్ ఇన్‌లెట్‌కి రెండు వందల ముప్పై నాలుగు కిలోమీటర్లు. యాభై ఐదు నిమిషాలు. అంతా చూసుకునే వచ్చా," అంటున్నాడు ప్రూట్. "తేడా వచ్చిందో, నీ తమ్ముడికి రెండో గుండు."

మొదటిది ఇప్పటికే దిగింది... కడుపులో!

సరుకు ఎక్కిస్తుంటే తమ్ముడు జుటాయ్ చేతిలోంచి ప్రూట్ పెట్టె ఒకటి జారి పగిలింది. లోపలంతా మత్తు మాత్రలు. అవి కంటపడడమే వాడు చేసిన పాపం. ఇప్పుడు వెనక మూటల మధ్య నెత్తురోడుతూ పడి ఉన్నాడు.

పాండ్‌లో ప్రూట్ మనిషి వాన్స్ మంచుబండితో కాచుకుని ఉన్నాడట. అక్కడ దిగితే అక్కాతమ్ముళ్లిద్దరికీ నూకలు చెల్లినట్టే.

ఎవరూ ఆచూకీ పట్టకూడదని దారి చూపే తెరను ప్రూట్ ఎక్కగానే పగలగొట్టాడు. రేడియోనూ పగలగొట్టబోయాడు. దాని బటన్ నొక్కితేనే రన్‌వే దీపాలు వెలుగుతాయని ఆమె చెబితే ఆగాడు.

అది నిజమే. కానీ ఆమె బొటనవేలు అప్పటినుంచీ ఆ బటన్ నొక్కిపట్టే ఉంది. వీడి ప్రతి మాటా కింద ఊరి రేడియో గదిలో కజాక్ బాబాయ్ వింటున్నాడు.

తమ్ముణ్ణి ఒక్కసారి చూడనిమ్మని అడుగుతుంది. ప్రూట్ విసుక్కుంటూనే సరేనంటాడు.

జుటాయ్ కళ్లు తెరిచే ఉన్నాయి. ఆమె వేలితో గాలిలో చిన్న సున్నా చుడుతుంది... వెనక్కి తిప్పనా?

జుటాయ్ కనుబొమలు పైకి లేస్తాయి.

కనుబొమలెత్తితే అవును, ముక్కు చిట్లిస్తే కాదు. ఈ ఊళ్లో సగం కబుర్లు అలాగే నడుస్తాయి. నెల కిందట దిగిన ప్రూట్‌కి అదేం తెలుసు?

విమానం మెల్లగా, చాలా మెల్లగా ఒరుగుతుంది. బయట మబ్బు తప్ప ఏమీ లేదు. ప్రూట్ కళ్లు గడియారం మీదే ఉన్నాయి.

అసలు నరకం ఇప్పుడే మొదలైంది!

పది నిమిషాల్లో ఇంటికి చేరగలదు. అక్కడ నర్సు ఉంది. కానీ ముందే దిగితే వాడికి తెలిసిపోతుంది. వాడు లెక్కపెట్టుకున్న ప్రతి నిమిషమూ తమ్ముడి నెత్తురే. ఆమెకు ఏడుపు ముంచుకొస్తోంది. ఇంజను మోత బాబాయ్ చెవిన పడేంత దగ్గర్లోనే, సముద్రపు మంచు మీద చుట్లు తిప్పుతూనే ఉంది.

వెనకనుంచి మూలుగు... కాసేపటికి అదీ లేదు.

"యాభై అయింది. దీపాలేవి?"

ఆమె బటన్ టకటకా నొక్కుతుంది.

కింద రెండు వరసల వెలుగు!

చక్రాలు కంకర మీద గరగరలాడతాయి. విమానం ఆగుతుంది. ఎదురుగా మంచుబండి, పక్కన టోపీ ముఖంమీదికి లాక్కున్న మనిషి.

"వాన్స్! వచ్చి పెట్టెలు దించు. వీళ్ల సంగతి తర్వాత చూద్దాం," అంటూ ప్రూట్ కిందికి దూకుతాడు.

గాలికి రన్‌వే పక్క భవనం మీద కప్పిన గుడ్డ లేస్తుంది. దాని వెనక బోర్డు... ఆర్కిటిక్ బే!

ప్రూట్ గిర్రున తిరిగి తుపాకి విమానం వైపు ఎత్తుతాడు.

ఢాం!

మంచు మీద కూలింది ప్రూట్. టోపీ వెనక్కి తోసి, సీళ్ల వేటకు వాడే రైఫిల్ దించుతాడు కజాక్ బాబాయ్. నర్సు విమానం వైపు పరుగెత్తుతోంది.

ఉలూరియాక్ అప్పటికే మూటల మీదుగా పాకి తమ్ముడి తల ఒళ్లోకి తీసుకుంది. కళ్లు మూతబడి ఉన్నాయి. ముఖం మైనంలా పాలిపోయింది.

"ఆలస్యం చేశానా, తమ్ముడూ?"

కదలిక లేదు.

"జుటాయ్... ఆలస్యం చేశానా?"

చాలాసేపటికి, కళ్లు తెరవకుండానే, వాడు ముక్కు చిట్లించాడు.