డేగ లాగని నాబ్

గూఢచారి ఏజెన్సీ పైలట్‌ను ఉదయం కాఫీ తాగుతుండగా ఎవరో కాల్చి చంపారు. ఏజెంట్ డేగ వెళ్లేసరికి చీఫ్ మ్యాప్ పరుచుకుని కూర్చున్నాడు.

"నీకు ఫ్లయింగ్ లైసెన్స్ ఉంది కదూ?"

"చిన్న విమానాలకు ఉంది సార్."

"చాలు. గూఢచారిణి నెమలిని సరిహద్దు దాటించి తీసుకురా. సాయంత్రం శాంతి సభ జరిగే హాల్లో శత్రుముఠా బాంబు పెట్టింది. ఎక్కడో దానికి తెలుసు. ఇక్కడ దిగాకే చెబుతానంటోంది. సభ ఆపితే వాళ్లు వెంటనే పేల్చేస్తారు. రెండు వైపులా జీతం తీసుకునే మనిషి, ఒక్క ముక్క నమ్మకు. బేడీలు విప్పకు."

డేగ అన్నది కోడ్ పేరు మాత్రమే. విమానం లేపడం, దించడం శ్రద్ధగా నేర్చుకున్నాడు గానీ ఇంజన్ పాఠాలన్నీ బట్టీపట్టి పరీక్ష గట్టెక్కాడు. కారు నడిపేవాడు బానెట్‌లో తల దూరుస్తాడా అని అతని వాదన.

పొలాలకు మందు కొట్టే పైలట్ వేషంలో వెళ్లి, నెమలిని పక్క సీట్లో ఎక్కించుకున్నాడు. నల్లకళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, వెనక్కి విరిచి బేడీలు వేసిన చేతులు.

తిరుగుదారిలో, కొండల మధ్య తడిమబ్బుల్లో ఇంజన్ నీరసించింది. ఇంజన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు కిందికి జారింది. థ్రాటిల్ పూర్తిగా నెట్టాడు. ఫ్యూయల్ ట్యాంక్ మార్చాడు. ముల్లు జారుతూనే ఉంది. జేబులో పిస్టల్ పెన్ను, బూటు మడమలో కత్తి. రెండూ ఎందుకూ పనికిరావు.

"ఏం చేశావు దీన్ని?" అరిచాడు.

"నా చేతులు కట్టేశారుగా పైలట్ గారూ! కార్బ్యురేటర్‌లో మంచు కట్టింది. దాన్ని వేడిచేసే ఆ కార్బ్ హీట్ నాబ్ లాగండి."

"బయట మంచే లేదు!"

"బయట కాదు, లోపల. గాల్లో తేమ గడ్డకట్టి దారి మూసేసింది. లాగండి!"

లాగాడు. ఇంజన్ ఖళ్లున దగ్గి, విమానమంతా వణికింది. డేగ గభాలున నాబ్ వెనక్కి నెట్టేశాడు.

"చంపాలని చూస్తున్నావా?"

"కరిగిన నీళ్లు ఇంజన్లోకి పోతే దగ్గదా? కాసేపు ఓర్చుకోవాలి!"

నిజమో అబద్ధమో తేల్చుకునే చదువు అతని దగ్గర లేదు. చెట్ల కొనలు దగ్గరవుతున్నాయి. చంటిపిల్లాడిలా ఏడుపొచ్చింది.

నెమలి కళ్లు మూసుకుంది. "బాంబు వేదిక మెట్ల కింద ఉంది. రేడియోలో చెప్పండి. మనం పోయినా వాళ్లన్నా బతుకుతారు."

చెప్పాడు. కొండల మధ్య రేడియో బుస్సుమనడం తప్ప జవాబు లేదు. ఆమె మాత్రం దాచుకున్నదంతా ఇచ్చేసింది. ఇంకేం మిగిలిందని అబద్ధమాడుతుంది?

మళ్లీ నాబ్ లాగాడు. ఇంజన్ దగ్గింది, ఎగశ్వాస తీసింది, ఆగిపోబోయింది. కుడిచెయ్యి నాబ్ వైపు పోకుండా తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఒక కొమ్మ చక్రానికి తగిలింది.

ఇంజన్ ఒక్కసారిగా గర్జించింది.

కొండ దాటగానే రేడియో పలికింది. డేగ మెట్ల సంగతి మళ్లీ చెప్పాడు. అతిథులు మెట్ల దగ్గరికి వస్తుండగా ఏజెన్సీ వాళ్లు బాంబు తీగ కత్తిరించేశారు.

రన్‌వే మీద చీఫ్ ఎదురొచ్చాడు. "విమానానికి ఏమైంది? ఎవరి హస్తం ఉంది దీని వెనక?"

డేగ తన కుడిచేతిని ఒకసారి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"నాదే సార్."