సాయంత్రపు కునుకు

బల్ల అంచు నుదుటికి తగిలి పిల్ల కెవ్వుమంది. వంటింట్లో ఉన్న తల్లి చేతిలో గిన్నె అక్కడే వదిలేసి ఒక్క పరుగున వచ్చింది. రెండేళ్లు కూడా నిండని కూతురు, ఇంట్లో అందరూ పిడుగు అని పిలుచుకునే పిల్ల, బొప్పి కట్టిన నుదుటితో గుక్కపట్టి ఏడుస్తోంది. ఎత్తుకోబోతే తల్లి చేతుల్ని విదిలించి కొట్టింది! పడుతూ లేస్తూ అటువైపు వెళ్లి నానమ్మ ఒళ్లో మొహం దాచుకుంది.

తల్లి చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. వారమంతా ఈ సెలవు కోసమే ఎదురుచూసింది ఆమె. పిల్లకి తనే స్నానం చేయించాలనీ, తనే అన్నం తినిపించాలనీ ఎన్ని అనుకుందో! పొద్దుటి నుంచి ఒక్కటీ సాగనివ్వలేదు ఆ పిల్ల. కొత్త మనిషిని చూసినట్టు చూస్తూ నానమ్మ కొంగు వదల్లేదు. ఆమె అత్తగారి వైపు తిరిగింది.

"నా కూతురికి ఏం మందు పెట్టారత్తయ్యా?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. అత్తగారు తలెత్తలేదు. తడిగుడ్డతో బొప్పిని అద్దుతూ కూర్చుంది.

నిజానికి నెల కిందటి వరకూ ఈ ఇంట్లో ఇలా లేదు. కోడలు కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. వెనక గదిలో దీపం ముందు కూర్చుని ఫ్రేముల్లో అద్దాలు బిగించడం ఆమె పని. దుకాణం మూసి ఇల్లు చేరేసరికి బాగా చీకటిపడుతుంది. అయినా మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినగానే పిడుగు తలుపు దగ్గరికి ఉరికేది. అప్పుడే ఒక కునుకు తీసి లేచిన పిల్ల, ఇక చూడాలి దాని హుషారు! తల్లి జడ పీకడం, చేతిసంచి బోర్లించడం, వచ్చీరాని మాటలతో రోజంతా జరిగినవి ఒప్పజెప్పడం... ఆమెకు పగటి అలసటంతా ఎటు పోయేదో తెలిసేది కాదు.

చిక్కల్లా రాత్రితోనే. పిడుగుకి కన్ను మూతపడేది కాదు, ఇంకొకర్ని మూయనిచ్చేది కాదు. దాని తండ్రి బస్సు డ్రైవరు. తెల్లవారకముందే మొదటి బస్సు తీయాలి. ఒకరోజు స్టీరింగు మీదే తూలాడు. బస్సు రోడ్డు మధ్య గట్టుకి ఒరుసుకుని ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఇంటికొచ్చి అతను ఆ సంగతి చెప్పగానే కోడలు పిల్లని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

పిల్లల డాక్టరమ్మ సంగతంతా విని, తప్పు సాయంత్రపు నిద్రలో ఉందని తేల్చేసింది. మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక నిద్ర చాలు, పొద్దు వాలాక కునుకు పనికిరాదు, దీపాలు పెట్టిన కాసేపటికే కడుపునింపి, చీకటి గదిలో రోజూ ఒకే వేళకి పడుకోబెట్టమంది. కోడలు ఆ మాటలు మోసుకొచ్చి అత్తగారికి అప్పజెప్పింది. అప్పజెప్పి ఊరుకుందా? టీవీ చూసుకోవడానికి అడ్డు లేకుండా పిల్లని సాయంత్రాలు జోకొడుతున్నారేమోనని ఒక చురక కూడా అంటించింది. పెద్దావిడ ఏదో అనబోయి మానుకుంది. అలాగేలేమ్మా అంది, అంతే.

మర్నాటి నుంచి చెప్పింది చెప్పినట్టు జరిగింది. సాయంత్రం పిల్ల కళ్లు వాలితే మొహం మీద నీళ్లు చిలకరించి, మేడ మీదికి ఎత్తుకెళ్లి పక్షుల్ని చూపించి, ఆ గండం గట్టెక్కించేది నానమ్మ. వారం తిరిగేసరికి పిడుగు వేళకి పడుకోవడం నేర్చేసింది. ఇల్లంతా హాయిగా నిద్రపోయింది. కోడలూ మురిసిపోయింది... కానీ ఆమె వచ్చేసరికి పిల్ల నిద్రలో ఉండేది. పొద్దున ఆమె లేచేసరికి అది నానమ్మ చంకనెక్కి వసారాలో ఉండేది. రోజుల తరబడి ఆమె తీరిగ్గా చూసింది నిద్రపోయే కూతుర్నే!

ఇప్పుడు ఏడ్చి ఏడ్చి పిల్ల నానమ్మ ఒళ్లోనే నిద్రలోకి జారుకున్నాక అత్తగారు నోరు విప్పింది.

"మందు పెట్టలేదమ్మా. అప్పట్లో సాయంత్రాలు భుజాన వేసుకుని జోకొట్టింది నీకోసమే. నువ్వొచ్చేసరికి అది మేలుకుని ఉండాలని."

కోడలు వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.

"నేను నూలు మిల్లుకి వెళ్లేదాన్ని, తెలుసుగా. నేనొచ్చేసరికి నా కొడుకు పడుకుని ఉండేవాడు. మా అత్తగారు మంచిదే. వేళకి తిండి, వేళకి నిద్ర, వంక పెట్టడానికి లేదు. ఈరోజుకీ జ్వరం వస్తే వాడు ఎవర్ని పిలుస్తాడో నువ్వూ విన్నావు."

విన్నది. కిందటి వానాకాలం ఒళ్లు కాలిపోతూ భర్త "నానమ్మా" అని పలవరించాడు. ఇంత మగాడు నానమ్మ కోసం ఏడుస్తున్నాడని మర్నాడు అత్తగారితో చెప్పి పడీపడీ నవ్వింది. పెద్దావిడ కూడా నవ్వింది. నవ్వి, వంటింట్లోకి వెళ్లి, చాలాసేపు ఇవతలికి రాలేదు. అదిప్పుడు గుర్తొచ్చింది కోడలికి.

"అప్పుడే చెప్పొచ్చుగా అత్తయ్యా..."

"చెబితే నువ్వు ఆ కునుకు మాన్పించేదానివి కాదు. వాడు మళ్లీ బండి మీద తూలేవాడు. నా కొడుకూ నాకు కావాలిగా తల్లీ." కొంగుతో పిల్ల చెమట తుడిచింది. "సాయంత్రం ఎలాగూ పోయింది. పొద్దున్నే లేస్తుందిది. నీ నిద్ర పాడవుతుందని నేనే తీసుకుపోతున్నాను. రేపటి నుంచి నేను రాను. ఆ వేళ నువ్వు తీసుకో."

మర్నాడు భర్త డ్యూటీకి వెళ్లిపోయాక, కిటికీలో వెలుగు పడుతుండగా పిడుగు కళ్లు తెరిచింది. పక్కనున్న తల్లిని చూసి పెదవి విరిచింది. "నానమ్మా..." అని మొదలుపెట్టింది. ఎత్తుకుంటే విల్లులా వెనక్కి వంగింది. బొమ్మ ఇస్తే విసిరేసింది. గిలిగింతలు పెడితే గొంతు ఇంకా పెంచింది. తలుపు వైపు చేతులు చాచి ఒకటే పిలుపు! నా వల్ల కాదు, అత్తయ్యని పిలిచేస్తాననుకుంది తల్లి. నోరు తెరిచింది కూడా.

అప్పుడు తలుపు కింది సందులో కనిపించాయి రెండు పాదాలు. తలుపుకి అవతలే ఉన్నాయి, ఆనుకున్నంత దగ్గరగా. పిల్ల నానమ్మా అన్నప్పుడల్లా ఆ కాలివేళ్లు నేలని గట్టిగా పట్టుకుంటున్నాయి. అడుగు మాత్రం పడటం లేదు.

తల్లి ఆవిడని పిలవలేదు. పిల్లని గుండెకి అదుముకుని గదిలో అటూ ఇటూ తిరిగింది. తిరిగి తిరిగి, చివరికి పిడుగు ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. తలుపు వైపే చూస్తూ బుగ్గని తల్లి భుజం మీద ఆనించింది. చిన్న చెయ్యి ఒకటి వచ్చి ఆమె జడని పట్టుకుంది.

పాదాలు మెల్లగా వెనక్కి తిరిగాయి. కాసేపటికి వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. నీళ్లు చాలాసేపు పోతూనే ఉన్నాయి. ఒక్క గిన్నె కడిగిన అలికిడి కూడా లేదు.