లేటమ్మ పట్టేంత సందు

బడి నుంచి రాగానే బొంగరం సంచీ కూడా దించలేదు. నేరుగా పెరట్లోకి పరిగెత్తింది. ఒక్కచోట నిలవదని తాత ఆ పిల్లకు పెట్టిన పేరది.

బాతులు తొట్టెలో మునిగి తేలుతున్నాయి. లెక్కపెట్టింది. నాలుగే. నిన్నా నాలుగే, మొన్నా నాలుగే.

ఐదోది లేటమ్మ. ఎప్పుడూ అన్నిటికన్నా వెనక నడిచేది. ఆరు రోజుల కిందట కాలువ నుంచి నాలుగూ ఇంటికొచ్చాయి, లేటమ్మ రాలేదు. గట్టు మీద కొన్ని ఈకలు మాత్రం దొరికాయి. అవి వేరే బాతువేమో అని బొంగరం వాదించింది.

"తాతా, లేటమ్మ కనపడిందా?"

తాత వడ్రంగి. చిత్రిక పడుతున్నవాడు తల ఎత్తలేదు. "లేదమ్మా."

"దానికసలే నడక తక్కువ. ఇంకా నడుస్తూనే ఉందేమో!"

తాత చెక్కను తిప్పి పెట్టుకున్నాడు. చిత్రిక ఇంకోసారి తోశాడు.

సాయంత్రం బాతులను గూట్లోకి తోలడం బొంగరం పని. తలుపు వేసి, గడియ పెట్టి, గడియకు కొక్కెం తగిలించాలి. గడియ ఒక్కటే అయితే బావురుపిల్లి పంజాతో ఎత్తేస్తుందని తాత రెండూ బిగించాడు.

ఆ రోజు గడియ దాకా వెళ్లిన చేయి ఆగిపోయింది. రాత్రి లేటమ్మ వస్తే తలుపు ఎవరు తీస్తారు? చీకట్లో బయటే నిలబడుతుందా పాపం?

తలుపు సందులో ఒక చెక్కముక్క ఇరికించింది. ఎక్కువ తెరవలేదు. లేటమ్మ పట్టేంత.

పొద్దున లేచేసరికి వరండాలో అమ్మ గొంతు వినపడింది. "రాత్రి గడియ చూడలేదా నాన్నా? చూపు ఆనకపోతే చెప్పొచ్చుగా!"

అమ్మ నర్సు. డ్యూటీకి వెళ్లే హడావిడిలోనే ఒక బాతు రెక్కకు కట్టు కడుతోంది. అది గయ్యాళి. రోజూ అరిచి ఇల్లు పీకి పందిరేసేది, ఇప్పుడు తాత ఒళ్లో కిక్కురుమనకుండా పడి ఉంది.

"బావురుపిల్లి దూరింది," అన్నాడు తాత. "ఇది అరిచింది కాబట్టి సరిపోయింది. టార్చి వేసేసరికి వదిలేసి పోయింది."

"ఈ ఆదివారం వీటిని ఎవరికైనా ఇచ్చేద్దాం. కాపాడలేనప్పుడు మనకెందుకు?"

బొంగరం వరండాలోకి వచ్చింది. తాత పక్కనే ఆ చెక్కముక్క ఉంది. చూసి కూడా ఆయన చెప్పలేదు.

"తాత కాదమ్మా. నేనే. లేటమ్మ వస్తుందని తీసి ఉంచా. కొంచెమే! లేటమ్మ పట్టేంత సందే!"

"లేటమ్మ పట్టే సందులో పిల్లి పట్టదా, తల్లీ?" అన్నాడు తాత మెల్లగా.

బొంగరం ఏడ్చేసింది. ఆరు రోజులుగా ఆపుకున్నదంతా ఒక్కసారి వచ్చింది. "అయితే అది ఇక రాదా?"

"రాదనే అనుకుంటున్నా." తాత గయ్యాళి వీపు నిమిరాడు. "రావాలని నాకూ ఉంది."

అమ్మ కట్టు ముడి వేసి, కూతురి వైపు తిరిగింది. "మరి వీటిని ఉంచుకోవాలంటే ఇవాళ గడియ ఎవరు వేస్తారు?"

"నేనే," అంది బొంగరం, ముక్కు తుడుచుకుంటూ.

సాయంత్రం మూడు బాతులు నడిచి లోపలికి వెళ్లాయి. గయ్యాళిని ఎత్తుకెళ్లి గడ్డి మీద దించింది. అది చిన్నగా గొణిగింది. "తిట్టు, తిట్టు. నీ ఇష్టం," అంది బొంగరం.

తలుపు వేసింది. గడియ పెట్టింది. కొక్కెం తగిలించి గట్టిగా గుంజి చూసింది. కదల్లేదు.

అప్పుడు కాలువ దారి వైపు తిరిగింది. చివరి దాకా చూసింది. దారి ఖాళీగా ఉంది.

"లేటమ్మా, వస్తే ఒక్క కేక వెయ్యి," అంది. "ఎంత రాత్రయినా నేనే లేచొచ్చి తీస్తా."