వంకర కుట్టు

సెలవులకి వచ్చినా టీచరమ్మకి పొద్దున్నే మెలకువ వచ్చేస్తుంది. బడి గంట ఆవిడ ఒంట్లోనే ఎక్కడో మోగుతూ ఉంటుందని భర్త వేళాకోళం చేస్తాడు. ఆ రోజు కూడా అందరూ ముసుగు తన్ని నిద్రపోతుంటే ఆవిడ తయారై, సముద్రం వైపున్న వరండాలోకి వచ్చింది. ఆ అతిథిగృహంలో ఫలహారాల బల్లలన్నీ అక్కడే వేస్తారు.

నేరుగా పళ్ళరసం కూజాల దగ్గరికి వెళ్ళి చూసుకుంది. నిన్నటిదాకా రంగురంగుల ప్లాస్టిక్ స్ట్రాలు గుత్తిగా నిలబెట్టి ఉండే గాజు సీసా ఇవాళ లేదు. దాని బదులు కాగితం స్ట్రాలు, వాటి వెనక గోడకి ఒక అట్టముక్క. 'దయచేసి ప్లాస్టిక్ స్ట్రాలు అడగకండి.' ఆ గుండ్రటి అక్షరాలు ఆవిడవే. నిన్న సాయంత్రం టీకి వచ్చిన వాళ్ళందరి ముందూ అతిథిగృహం యజమానురాలిని కూర్చోబెట్టి, చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, ఒప్పించి మరీ రాసి అంటించింది.

పట్టిన పట్టు విడిచే మనిషి కాదు ఆవిడ. సైన్సు చెప్పే బడిలో పిల్లలందరి చేతా ప్లాస్టిక్ స్ట్రాలు మాన్పించింది. పిల్లకో స్టీలు స్ట్రా, అది పెట్టుకోవడానికి సన్నటి గుడ్డసంచి. ఆ పనికి బడికి బహుమానం కూడా వచ్చింది. ఆ సంచులన్నీ ఊరికే కుట్టిపెట్టింది ఆడపడుచు. ఆవిడది కుట్టుషాపు. ఇంట్లో ఒక టీచరమ్మ, ఒక టైలరమ్మ, మధ్యలో కళ్ళజోళ్ళు అమ్ముకునే నేను అని టీచరమ్మ భర్త అందరికీ చెప్పుకుని మురిసిపోతుంటాడు. టైలరమ్మ ఆయన చెల్లెలు. షాపు మీద గదిలోనే ఒక్కతే ఉంటుంది. సెలవులకి ఎప్పుడు పిలిచినా పనుందనేది, ఈసారి అన్నయ్య బతిమాలితే వచ్చింది.

ఆ సంచుల విషయంలో ఈ మధ్య చిన్న గొడవ కూడా అయింది. కొత్తగా చేరిన పిల్లల కోసం కుట్టినవి మరీ వంకరగా వచ్చాయి. కుట్టు తిన్నగా పోకుండా అటూ ఇటూ పాకింది. "డబ్బులివ్వడం లేదని ఇలా కుట్టావా?" అని నవ్వుతూనే అని, టీచరమ్మ వాటిని కట్టకట్టి తిప్పి పంపింది. వాటిలో ఒకటి మాత్రం టైలరమ్మ తన స్ట్రాకి ఉంచుకున్నట్టుంది, ఇక్కడికి కూడా తెచ్చుకుంది.

కాసేపటికి భర్తా, కాలేజీలో చదివే కూతురూ కళ్ళు నులుముకుంటూ వచ్చి కూర్చున్నారు. పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన, లాయరుట, గ్లాసులో మెత్తబడ్డ కాగితం స్ట్రాని పైకెత్తి అందరికీ చూపించాడు.

"టీచరుగారూ, ఇది చూశారా? రసం సగం తాగేసరికి స్ట్రా మిగతా సగం తాగేసింది."

వరండా అంతా నవ్వింది. టీచరమ్మకి ఇలాంటివి కొత్తేం కాదు.

"మెల్లిగా తాగితే అంతేనండీ. లేదా స్టీలుది వెంట ఉంచుకోండి. అదీ బరువనుకుంటే గ్లాసెత్తి తాగండి, ఇంకా సుఖం."

"నా ఒక్క స్ట్రాతో సముద్రం నిండిపోతుందా అమ్మా?"

"అందరూ ఆ ఒక్కటే అంటారండీ. నిన్న మా అమ్మాయీ నేనూ ఒడ్డున నడిచి ఏరితే సంచీ నిండింది. అన్నీ ఎవరో ఒకరి ఒక్క స్ట్రాలే."

కూతురు గర్వంగా తలూపింది. అమ్మ మాట్లాడుతుంటే వినడం ఆ పిల్లకి ఇష్టం. లాయరుగారు ఓడిపోయినట్టు చేతులెత్తేశాడు. సరిగ్గా అప్పుడే టైలరమ్మ మెట్లు దిగి వచ్చింది. తల దించుకుని అన్నయ్య పక్కన కూర్చుని, గ్లాసు తన ముందుకి జరుపుకుంది. ఎత్తలేదు. ఒళ్ళో ఉన్న ఆ గుడ్డసంచిలో వేళ్ళు పెట్టి, ఎవరూ చూడటం లేదనుకుని, మెడ దగ్గర వంగే ప్లాస్టిక్ స్ట్రా ఒకటి తీసి గ్లాసులో వేసుకుంది.

టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఇంత వాదించి గెలిచాక, సొంత మనిషే.

"ఏంటది? నీకిచ్చిన స్టీలుదేదీ?"

"గదిలో ఉంది వదినా. ఈ ఒక్కసారికి..."

"లాయరుగారూ అదే అన్నారు ఇప్పుడు. అందరికీ చెప్పి నా ఇంట్లో వాళ్ళకి చెప్పుకోలేకపోతే నా మొహాన ఉమ్మేస్తారు. తీసెయ్యి."

"ఇంటి నుంచి తెచ్చుకున్నాను. మళ్ళీ కడుక్కుని వాడుకుంటాను."

"ఒక్క గ్లాసు ఎత్తి తాగడానికి నీకేమన్నా చేతులు లేవా?"

ఎవరో కిసుక్కుమన్నారు. లాయరుగారు మాత్రం నవ్వలేదు, వార్తాపత్రిక తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. టైలరమ్మ ఆ స్ట్రాని తీసి బల్ల మీద పెట్టింది. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఎత్తింది. అది పెదవి దాకా వెళ్ళింది, పళ్ళకి టక్కున తగిలింది, రసమంతా మెడ మీదుగా ఒంటి మీదకి కారిపోయింది. గ్లాసు దొర్లి కింద పడింది. ఆవిడ ఎవరి వంకా చూడకుండా లేచి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

"అంత కోపమేంటి దీనికి, గ్లాసు విసిరేసేంత?" అన్నాడు అన్నయ్య.

"అత్త కావాలనే చేసింది," అంది కూతురు.

టీచరమ్మా అదే అనుకుంది. నలుగురిలో ఇంత రభస చేసినందుకు నాలుగు దులిపి వద్దామని లేచింది. మెట్లెక్కుతూ అనబోయే మాటలన్నీ వరసలో పెట్టుకుంది కూడా.

గది తలుపు ఓరగా ఉంది. టైలరమ్మ అద్దం ముందు నిలబడి పొడి చొక్కా వేసుకుంటోంది. పై గుండీ దగ్గరే ఆగిపోయింది. కుడిచెయ్యి గుండీ పట్టుకుంటుంది, కాజా దగ్గరికి తీసుకెళుతుంది, అక్కడికి వెళ్ళేసరికి గడగడా వణికి జారిపోతుంది. మళ్ళీ పట్టుకుంటుంది. ఎంతమంది బట్టలకో కాజాలు కుట్టిన చెయ్యి అది. కింది పెదవి చిన్నగా చిట్లి రక్తం కనపడుతోంది.

టీచరమ్మ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

అద్దంలో వదినని చూసి టైలరమ్మ చెయ్యి వెనక్కి దాచుకుంది. "కోపంతో పడెయ్యలేదు వదినా. నిజంగా."

"ఎప్పటి నుంచి?"

"వేసవిలో మొదలైంది. డాక్టరు మందులిచ్చారు. కూర్చున్నప్పుడు పరవాలేదు, ఏదన్నా ఎత్తబోతేనే. వంగే స్ట్రా అయితే గ్లాసు ఎత్తక్కర్లేదు, బల్ల మీదే ఉంటుంది."

"నేనిచ్చిన స్టీలుది?"

"అది పళ్ళకి కొట్టుకుంటుంది. ఒకసారి చిగురు తెగింది. కాగితంది నేను తాగేలోపు నానిపోతుంది, నేను మెల్లిగా కదా తాగేది." ఏదో తన తప్పే అన్నట్టు చెప్పింది. "ఇక్కడ ప్లాస్టిక్‌వి ఉన్నాయి కదా అని నేను ఎక్కువ తెచ్చుకోలేదు. ఇవాళ చూస్తే సీసా లేదు."

"నాతో ఒక్క మాట అనొచ్చు కదే."

"చెయ్యి వణికే టైలరుకి బట్ట ఎవరిస్తారు వదినా? నీకు చెబితే అన్నయ్యకి చెప్తావు. అన్నయ్య షాపు మూసేసి వచ్చెయ్యమంటాడు. మీ ఇంట్లో ఒక మూల కూర్చుని నేనేం చెయ్యను?"

టీచరమ్మకి అప్పుడు గుర్తొచ్చాయి ఆ సంచులు. తిన్నగా పోకుండా పాకిన కుట్టు. డబ్బులివ్వడం లేదని ఇలా కుట్టావా అన్న మాట. ఈ చేత్తోనే, ఈ వణుకుతోనే, ఊరి పిల్లల కోసం ఒక్కో సంచీ కుట్టుకుంటూ కూర్చుంది. తను కట్టకట్టి పంపేసింది. సిగ్గుతో మొహం మండిపోయింది. భూమి చీలితే అందులోకి వెళ్ళిపోదామనిపించింది. బడిలో పిల్లల చేతిరాత చూసి ఎవరికి ఒంట్లో బాగోలేదో చెప్పేస్తానని గొప్పలు పోయే మనిషి, ఇంట్లో మనిషి కుట్టు చూసి వెక్కిరించింది.

"క్షమించు అనడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదే," అంది. దగ్గరికి వెళ్ళి గుండీలు తనే పెట్టడం మొదలుపెట్టింది. కింది గుండీ దాకా ఒక్కొక్కటే పెట్టింది.

"అన్నయ్యకి చెప్పకు వదినా."

"నువ్వు చెప్పేదాకా చెప్పను."

కిందకి దిగుతుంటే అందరూ తననే చూస్తున్నట్టనిపించింది. చూస్తున్నారు కూడా. యజమానురాలి దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ వంగే ప్లాస్టిక్ స్ట్రాలు, ఎక్కడన్నా ఉన్నాయా?"

"ప్లాస్టిక్‌వా?" ఆవిడ గొంతు తగ్గలేదు. "మీరే కదండీ తీయించారు. వెనక గదిలో పడేశాను. ఎవరికి?"

వరండాలో చెంచాల చప్పుడు ఆగిపోయింది. పెదవి చివర ఉన్న మాట ఒక్కటి చెబితే చాలు, ఒంటి మీద మచ్చ లేకుండా బయటపడొచ్చు. అందరూ జాలిపడి తలూపుతారు.

"నాకే," అంది టీచరమ్మ.

లాయరుగారు వార్తాపత్రిక దించాడు. "మీకా?"

"అవునండీ. స్టీలుది పళ్ళకి కొట్టుకుంటోంది. కాగితంది నానిపోతోంది. మీరన్నదే నిజం."

ఈసారి నవ్వు ఇందాకటికంటే గట్టిగానే వచ్చింది. అట్టముక్క మీద అక్షరాల వంకా ఆవిడ వంకా మార్చి మార్చి చూశారు. టీచరమ్మ ఆ స్ట్రాల కట్ట తెచ్చుకుని, ఒకటి గ్లాసులో వేసుకుని, తమ బల్ల దగ్గర కూర్చుంది.

"ఒంట్లో బాగుందా నీకు?" అన్నాడు భర్త.

"బాగానే ఉంది."

"మరి అత్తని అన్ని మాటలెందుకన్నావు?" కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీ గురించి నా స్నేహితులందరికీ చెప్పుకున్నానమ్మా. ఇప్పుడు వాళ్ళకి ఏమని చెప్పను?"

ఆ మాట తిన్నగా వెళ్ళి తగిలింది. టీచరమ్మ తల వంచుకుని ఒక గుక్క తాగింది. దక్కాల్సిందే దక్కిందనుకుంది.

ఎప్పుడు దిగిందో, మెట్ల దగ్గర టైలరమ్మ నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. వచ్చి వదిన ఎదురుగా కూర్చుంది.

"ఆ గ్లాసు ఇలా జరుపు వదినా. ఆ స్ట్రా నాకోసమేగా."

"నువ్వూరుకో."

"ఊరుకోను. నా బదులు నువ్వు మాటలు పడుతుంటే పైన ఎలా కూర్చోను?" రెండు చేతులూ ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టింది. కుడిచేత్తో గ్లాసు ఎత్తబోయి, చెయ్యి వణకనిచ్చింది. ఆపడానికి ప్రయత్నించలేదు. "పొద్దున గ్లాసు కోపంతో పడెయ్యలేదు అన్నయ్యా. ఇదుగో, ఇందుకు పడింది."

ఆయన కళ్ళజోడు తీసేశాడు. ఊళ్ళో అందరి చూపూ సరిచేసే మనిషి, చెల్లెలి చెయ్యి ఇన్నాళ్ళూ చూడలేదు. "ఎప్పటి నుంచమ్మా?" అని అడిగాడు. కూతురు కుర్చీ జరుపుకుని వచ్చి, అత్త గ్లాసులో స్ట్రా మెడ వంచి ఆవిడ వైపు తిప్పింది. తర్వాత అమ్మ వంక చూసింది. బల్ల కింద అమ్మ చెయ్యి పట్టుకుంది.

"షాపు మూసెయ్యమని అనకండి," అంది టీచరమ్మ భర్తతో. "ఏం చెయ్యాలో తనే చెబుతుంది." మళ్ళీ ఆడపడుచు వైపు తిరిగింది. "మెత్తటి రబ్బరు స్ట్రాలు ఉంటాయి, అవీ వంగుతాయి. ఇంటికెళ్ళాక చూద్దాం. నీకు కుదిరితేనే. కుదరకపోతే ఇవే."

లేచి వెళ్ళి గోడ మీది అట్టముక్క కింద ఇంకో వరస రాసింది. 'అవసరమైన వాళ్ళకి లోపల ఉన్నాయి. ఎందుకని అడగం.' లాయరుగారు అది చదివి, లేచి నిలబడి ఆవిడకి తల వంచి, మళ్ళీ కూర్చున్నాడు.

తిరిగొచ్చేసరికి టైలరమ్మ మెల్లిగా తాగుతోంది. పక్కన బల్ల మీద ఆ గుడ్డసంచి ఉంది. టీచరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ పాకిన కుట్టు మీద బొటనవేలితో చివరిదాకా రాసింది.

"నేను తిప్పి పంపినవి ఏం చేశావు?"

"బీరువాలో ఉన్నాయి. విప్పి, కుదిరినప్పుడు తిన్నగా కుడదామని."

"విప్పకు," అంది టీచరమ్మ. కళ్ళనిండా నీళ్ళతో కుట్టు మసకబారిపోయింది. "అలాగే ఇవ్వు. ఒకటి నా దగ్గర ఉంచుకుంటాను."