దోమతెర కిటికీల ఇల్లు

రాజ్యశ్రీ రెండో కిటికీకి గులాబీరంగు పూయడం ముగించేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. నల్లకోడి, ఎర్రకోడి జామచెట్టు కింద మట్టి గీరుకుంటూ ఆ ఇంటివైపు ఒక్కసారైనా చూడలేదు. ఆ ఇల్లు కట్టింది వాటికోసమే.

వాళ్ల క్వార్టర్‌కు వాషింగ్ మెషీన్ వచ్చిన చెక్కపెట్టె అది. కిటికీలకు ఆమె పాత దోమతెర బిగించింది. పెట్టెను నేలమీదే పెట్టి, లోపల మెత్తని దుప్పటి పరిచింది. తలుపును రిబ్బన్‌తో కట్టింది. గనుల ఊరు బచేలీ మొత్తంలో దోమలు కుట్టని కోళ్లు తనవేనని ఆమె గర్వం.

కోళ్లను ఇచ్చింది లక్మే అత్త. తెలుగు సరిహద్దులోని కోంట వైపు పుట్టింది కాబట్టి ఆమె తెలుగు మాట్లాడుతుంది. సంతరోజున ఆకుకూరలు తెచ్చి ముందుగా వీళ్ల వీధిలో అమ్ముతుంది. వచ్చే సంతనాటికి గట్టి గూడు లేకపోతే రెండింటినీ తిరిగి తీసుకుపోతానని చెప్పి మరీ ఇచ్చింది. సంత రేపే.

నాన్న చక్రధరరావు గనిలో షిఫ్ట్ ముగించుకుని వచ్చి, ముంగిస వస్తే ఈ తెర ఆపుతుందా అని అడిగాడు.

"నాన్నా, నీకు గనులు తెలుసు. కోళ్లు తెలియవు," అంది రాజ్యశ్రీ.

ఆమెకు కోళ్లతో పరిచయం ఆరు రోజులే. ఆ ఆరు రోజుల్లో ఎవరినీ ఏమీ అడగలేదు. కోళ్లను గమనించాలని అసలే తోచలేదు.

పొద్దుగూకగానే కోళ్లు వాకిట్లో ఉన్న నాన్న స్కూటర్ సీటు మీదికి ఎగిరాయి. ఆమె పట్టుకుని గూట్లోకి తోసింది. మళ్లీ ఎగిరాయి. మళ్లీ తోసి, రిబ్బన్ ముడి బిగించింది.

తెల్లవారి చూస్తే దోమతెర చిరిగి వేలాడుతోంది. రిబ్బన్ ఊడిపోయింది. దుప్పటినిండా నల్లని ఈకలు. కోళ్లు లేవు.

రాజ్యశ్రీ పెట్టె చుట్టూ వెతికింది. అంతలో పైనుంచి కొక్కొక్కోమని వినిపించింది. జామకొమ్మ మీద రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి. నల్లదానికి తోక లేదు.

అప్పుడే లక్మే అత్త కూరలబుట్టతో గేటు తీసింది. ఆమె అడగకముందే రాజ్యశ్రీ తప్పంతా ముంగిసదేనని చెప్పేసింది.

"ముంగిస తప్పేంది బిడ్డా? దాని కూడు అది ఎతుక్కుంటది. నువ్వు జర లోపలికి దూరు."

రాజ్యశ్రీ తల లోపల పెట్టింది. దుప్పటి రెట్టలతో తడిసి కంపు కొడుతోంది. ఊపిరి ఆడలేదు. ముక్కు మూసుకుని బయటికి వచ్చింది.

"ఇంతకీ ఇది ఎవరికి కట్టినవ్?"

రాజ్యశ్రీ గులాబీరంగు కిటికీని చూసింది.

"నాకే," అంది.

లక్మే అత్త బుట్ట ఊగేలా నవ్వింది. సంత నుంచి తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ చూస్తానని, సాయంత్రం వరకే గడువని చెప్పి వెళ్లింది.

రాజ్యశ్రీ వెంటనే సుత్తి పట్టుకోలేదు. ముందు మెట్టుమీద కూర్చుని కోళ్లను చూసింది. అవి ఎత్తైన చోటే కోరుకుంటున్నాయి. గుండ్రటి కొమ్మను కాలివేళ్లతో గట్టిగా పట్టుకుంటున్నాయి. ఒకదాన్ని ఒకటి ఆనుకుని కూర్చుంటున్నాయి.

తర్వాత నాన్న దగ్గరికి వెళ్లి, నిన్న దురుసుగా మాట్లాడానని ఒప్పుకుని, సాయం అడిగింది. ఇద్దరూ కలిసి పెట్టెను ఇటుకల మీదికి ఎత్తారు. కిటికీలకు సన్నకన్నాల ఇనుపజాలీ కొట్టారు. లోపల అడ్డంగా జామకొమ్మ బిగించి, కింద ఎండుగడ్డి పరిచారు. ఎక్కడానికి ఏటవాలుగా ఒక చెక్కపలక, తలుపుకు గట్టి గొళ్ళెం అమర్చారు. గులాబీరంగు మాత్రం ఉండనిద్దామని, అది చూసి ముంగిసే జడుసుకుంటుందని నాన్న అన్నాడు.

సాయంత్రం లక్మే అత్త ఖాళీబుట్టతో వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఎండ తగ్గింది. కోళ్లు స్కూటర్‌ను చూశాయి, గూటిని చూశాయి. వాటిని పట్టుకుని తోసేయాలని రాజ్యశ్రీకి ఎంతగా అనిపించిందంటే, రెండు చేతులూ వెనక్కి కట్టుకోవలసి వచ్చింది.

ఎర్రకోడి మెడ సాచి పలక ఎక్కింది. తోకలేని నల్లకోడి దాని వెనకే నడిచింది.

లక్మే అత్త ఖాళీబుట్టను నెత్తికెత్తుకుని తన దారి పట్టింది. లోపల కొమ్మ మీద చోటు కోసం కాసేపు పోట్లాట జరిగింది. అది సద్దుమణిగేదాకా ఆగి, రాజ్యశ్రీ చప్పుడు కాకుండా గొళ్ళెం పెట్టింది.