జాబెజ్ దుకాణంలో సుత్తి చప్పుడు

న్యూపోర్ట్ రేవు వెనక సందులో జాబెజ్ వెండి దుకాణం ఉండేది. మశూచి సోకి ఆయన పోయాక తలుపులు మూసేశారు. అయినా చీకటి పడితే చాలు, లోపల్నించి సుత్తి చప్పుడు వస్తుందని ఊరంతా చెప్పుకునేవారు. తప్పతాగిన ఓడ కళాసీలు కూడా ఆ సందు ఛాయలకి వెళ్లేవారు కాదట.

మంత్రసాని బత్‌షెబాకి మాత్రం ఇంటికి అదొక్కటే దారి. ఆ రాత్రి కాన్పు చేసి తిరిగొస్తోంది. సముద్రం మీంచి పొగమంచు కమ్ముకొచ్చింది. సందులో అడుగు పెట్టిందో లేదో, చేతిలో లాంతరు కాస్తా ఆరిపోయింది...

టక్... టక్... టక్...

ఉన్నచోటే ఆగిపోయింది. ప్రార్థన మొదలెట్టి, సగంలో మాటలు మర్చిపోయింది. తలుపు సందులోంచి సన్నగా వెలుగు —

చనిపోయినప్పుడు జాబెజ్ కళ్లు మూసింది తనే. నన్నేం చేస్తాడులే అనుకుని, గుండె దిటవు చేసుకుని తలుపు తోసింది.

కొవ్వొత్తి ముందు జాబెజ్ భార్య మెహిటబెల్. చేతిలో సుత్తి. ఇనప దాగలి దిమ్మ మీద సగం వంపు తిరిగిన వెండి గిన్నె.

"తలుపెయ్యి అక్కా," అంది గుసగుసగా.

బత్‌షెబా అక్కడే చతికిలబడింది. "నువ్వటే... నా పైప్రాణాలు పైనే పోయాయి."

"పగలు కొడితే ఊరుకుంటారా? ఆడది చేసిన గిన్నె ఎవరు కొంటారు? ఆయన ముద్ర వేసి, ఆయన ఉన్నప్పటి సరుకేనని అమ్ముతున్నా. దెయ్యమనుకుంటే ఎవరూ తొంగిచూడరు."

బత్‌షెబాకి నవ్వాగలేదు. బల్ల మీద పూర్తయిన గిన్నె ఒకటుంది, పసిపిల్లలకి జావ పట్టేది. దానికి ఓ పక్కన పువ్వులా చిల్లులు తీర్చిన పిడి అతికి ఉంది.

"పిడి కూడా నువ్వే పోత పోశావా? అచ్చం జాబెజ్ పనితనమే."

మెహిటబెల్ తల దించుకుంది. "నాది గిన్నె వరకే అక్కా. పిడి నాకు చేతకాదు. గిన్నె ఇక్కడ పెట్టి పైకెళ్లి పడుకుంటా... పొద్దున్నే వచ్చి చూస్తే అతికి ఉంటుంది."

"ఎవరు అతుకుతున్నారే?"

"నేనడగలేదు."

బత్‌షెబా నవ్వు ఆగిపోయింది. మెల్లగా వేలు చాచి ఆ పిడిని తాకింది —

చుర్రుమంది.

వేలు నోట్లో పెట్టుకుని కొలిమి వైపు చూసింది. అందులో ఎప్పుడో చల్లారిన బూడిద... దాని మీద సాలెగూడు.