ఖమ్మం జిల్లా అంత దేశం

"మీ కంపెనీలో మీరు ఈజీగా పని చేయలేవు. మరి ఎవరు చేస్తారు?"

హంసిక నన్ను అడిగిన మొట్టమొదటి ప్రశ్న ఇది. అమెరికాలో, శాన్ రామన్ ఊరి లైబ్రరీలో, శనివారం పొద్దున్నే, పదిమంది ముందు నా పరువు తీసేసింది.

ఆ గదిలో చేరేవాళ్ళమంతా స్టార్టప్ పిచ్చి పట్టిన తెలుగువాళ్ళం. ఇన్వెస్టర్ల ముందు చెప్పబోయేది వారానికొకరం అక్కడ రిహార్సల్ చేసుకుంటాం. ఆ రోజు వంతు నాది. పేరు ఫణి, ఊరు ఖమ్మం, ఉద్యోగం హెచ్‌వన్‌బీ వీసా మీద, అంటే వీసా ఇప్పించిన కంపెనీకే పని చేయాలి. టీకాలు దాచే ఫ్రిజ్ వేడెక్కితే వెంటనే ఫోన్‌కి కబురు పంపే చిన్న పరికరం తయారుచేశాను. అందరూ భేష్ అన్నారు. ఈ అమ్మాయి మాత్రం పెన్ను కొరుకుతూ నా వీసా దగ్గర పట్టుకుంది.

"అదంతా లాయర్ చూసుకుంటాడండీ," అన్నాను గంభీరంగా.

"నేను లాయర్ ఆఫీస్‌లోనే వర్క్ చేస్తాను. స్టార్టప్స్‌కి కంపెనీ రిజిస్టర్ చేయడమే నా జాబ్. ఇక్కడ మీకు పెద్ద హెడేక్. ఎస్టోనియాలో పెట్టు."

అమెరికాలో పుట్టిన పిల్ల. "మీరు" అని గౌరవంగా ఎత్తుకుని "పెట్టు" అని కింద పడేస్తుంది. కోప్పడాలో నవ్వాలో నాకు తెలియలేదు.

"అదెక్కడుంది?"

"ఫిన్లాండ్ కింద. వన్ పాయింట్ త్రీ మిలియన్ పీపుల్."

"మా ఖమ్మం జిల్లా అంత! దానికోసం నేను అమెరికా దాకా రావాలా?"

గదంతా గొల్లున నవ్వింది. హంసిక ఒక్కతే నవ్వలేదు. బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి, "టెన్ మినిట్స్ ఇవ్వు," అంది.

ఆ పది నిమిషాలు ఆరు శనివారాలు సాగాయి.

లైబ్రరీ పక్క కాఫీ షాపులో కూర్చుని పోట్లాడుకునేవాళ్ళం. నేను కావాలనే వంకలు పెట్టేవాణ్ణి. ఆమె పట్టుదలగా జవాబు చెప్పేది.

"అంత చిన్న దేశంలో నా పరికరం కొనేదెవరు?"

"యూరప్ మొత్తం కొంటుంది. అక్కడ కంపెనీ పెడితే యూరప్ మార్కెట్ అంతా ఓపెన్."

"ఆఫీసుల చుట్టూ ఎన్నేళ్ళు తిరగాలి?"

"తిరగడం లేదు. ల్యాప్‌టాప్‌లో సైన్ చేస్తావు, వన్ డేలో కంపెనీ రెడీ. ఎవరికి ఎంత షేర్ ఉందో ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. ఇన్వెస్టర్లకి అందుకే ఇష్టం."

"పన్ను?"

"ప్రాఫిట్ ఇంటికి తీసుకెళ్ళకుండా కంపెనీలోనే పెడితే, జీరో. నువ్వు వింటున్నావా, నన్ను చూస్తున్నావా?"

"రెండూ," అనేశాను. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. బయట, ఎన్నాళ్ళకో, వాన మొదలైంది. కార్లకేసి పరుగెత్తకుండా మేమిద్దరం ఇంకో కాఫీ చెప్పుకున్నాం.

అయిదో శనివారానికి నాకు రెండు విషయాలు తేలిపోయాయి. ఒకటి, ఆమె చెప్పింది నిజం. అక్కడ స్టార్టప్ వీసా మీద నా కంపెనీలో నేను దర్జాగా పని చేసుకోవచ్చు. రెండు, ఈ అమ్మాయిని ప్రేమిస్తున్నాను. మా ప్లాన్ ఎంత బాగా కుదిరితే ఆమెకి అంత దూరంగా వెళ్ళిపోతాను. ఈ రెండిటినీ ఒకే మనసులో పెట్టుకుని రోజూ ఆఫీసుకి పోవడం నావల్ల కాలేదు.

ఆరో శనివారం మర్నాడు, ఆదివారం మధ్యాహ్నం, కృష్ణవేణి గారింట్లో అసలు పరీక్ష. ఆవిడ కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరై, ఇప్పుడు కుర్రవాళ్ళ కంపెనీల్లో పెట్టుబడి పెడుతున్నారు. డైనింగ్ టేబుల్ మీద జంతికల పళ్ళెం జరిపి, "కానివ్వండి," అన్నారు.

పరికరం గురించి నేను చెప్పాను. ఎస్టోనియా గురించి హంసిక చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే నాకు ఏడుపొచ్చింది.

చివరి స్లైడ్ నాది. వ్యాపారానికి ఏమేం ప్రమాదాలున్నాయో దాచకుండా చెప్పాల్సిన స్లైడ్ అది. మూడు ప్రమాదాలు రాసుకున్నాం. నేను వాటిని వదిలేసి సొంతంగా అందుకున్నాను.

"చలండీ. మైనస్ పదిహేను. డిసెంబర్‌లో మూడున్నరకే చీకటి. కరివేపాకు దొరుకుతుందో లేదో. భాషలో పద్నాలుగు విభక్తులట!"

హంసిక నన్ను కాల్చేసేలా చూసింది. "ఫణీ, వాట్ ఆర్ యూ డూయింగ్?"

కృష్ణవేణి గారు కళ్ళజోడు తీశారు. "ఏమయ్యా, పావుగంట కిందట ఆ అమ్మాయి ఆ దేశం గురించి చెప్తుంటే నువ్వే తలూపావు. ఇప్పుడేమొచ్చింది? నిజం చెప్పు. అక్కడ నీకు లేనిదేంటి?"

ఉన్నమాట చెప్పేశాను.

"అక్కడ అన్నీ ఉన్నాయండీ. హంసిక లేదు."

హంసిక కుర్చీ వెనక్కి తోసి బయటికి వెళ్ళిపోయింది.

"డబ్బు సంగతి రేపు మాట్లాడదాం. ముందు వెళ్ళు!" అని ఆవిడ నన్ను తరిమారు.

హంసిక తన కారుకి ఆనుకుని నిలబడి ఉంది. కళ్ళల్లో నీళ్ళు, ముఖంలో కోపం.

"సిక్స్ వీక్స్ ఉన్నాయి నీకు! కాఫీ షాప్‌లో చెప్పొచ్చు. ఇన్వెస్టర్ ముందు చెప్తారా?"

"సారీ. భయమేసింది."

"నాకు భయం లేదా? నీ జాబ్ పోతే సిక్స్టీ డేస్‌లో ఈ దేశం వదిలేయాలి. అందుకే నిన్ను ఎవరూ పంపించలేని ప్లేస్ వెతికాను. టెన్ కంట్రీస్ చదివాను. నేను కూడా రాగలిగేది చూసుకున్నాను, ఇడియట్."

నేను ఇంకో అడుగు దగ్గరికి వేశాను.

"నీకు వీసా ఎట్లా?"

"నైంటీ డేస్ దాకా వీసా అక్కర్లేదు. తర్వాత..." తల దించుకుంది. "స్టార్టప్ వీసా ఉన్నవాళ్ళ వైఫ్‌కి పర్మిట్ ఇస్తారు."

అమెరికాలో పుట్టిన పిల్ల, ఖమ్మం వాడి డిపెండెంట్‌గా! నేను పెద్దగా నవ్వాను. ఆమె నా భుజం మీద ఒక్కటిచ్చి, అదే చేత్తో నా చేయి పట్టుకుంది. ఇంక వదల్లేదు. అంత సంతోషం నేనెప్పుడూ ఎరగను.

"మీ అమ్మగారు ఏమంటారో?"

"ఇప్పుడే అడుగుదాం," అని స్పీకర్ పెట్టి ఫోన్ చేసేసింది. అన్నీ గబగబా చెప్పింది.

వాళ్ళమ్మ అనురాధ గారు మొత్తం విన్నారు. చలి గురించి అడగలేదు. నా జీతం గురించీ అడగలేదు.

"నేను మీ నాన్న వీసా మీద వచ్చి ఏడేళ్ళు ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చున్నానే. ఎమ్మెస్సీ గోల్డ్ మెడల్ పెట్టెలో పెట్టుకుని. ఆ దేశంలో నిన్ను పని చేసుకోనిస్తారా?"

"చేసుకోనిస్తారు, అమ్మా. ఫస్ట్ డే నుంచే. నేను ముందు చూసింది అదే."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"అయితే వచ్చే ఆదివారం అబ్బాయిని భోజనానికి తీసుకురా," అన్నారావిడ.